చలికాలములో ఇంటి వెచ్చదనము: తక్కువ ఖర్చుతో, ప్రాణభయము లేకుండ



వరికోతలు ముగిసి, గడ్డివాములు వేయు రోజులలోనే మన కొండ ప్రాంతములలో చలి ముదురును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతములు సముద్రమట్టమునకు సుమారు 800 నుండి 1,000 మీటర్ల ఎత్తున నున్నవి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినచో గాలి సుమారు 6 డిగ్రీల సెల్సియస్ చల్లబడును. ఈశాన్య ఋతుపవనముల వానలు వెనుకబట్టిన పిమ్మట ఆకాశము నిర్మలముగ నుండును. కప్పుటకు మబ్బు లేనందున పగలు నేల గ్రహించిన వేడి రాత్రి ఆకాశములోనికి పోవును. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంబడి లోయలలోనికి దిగి నిలుచును. అందువలననే డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున మన పల్లెలలో 10 డిగ్రీలకు దిగువ చలి సాధారణము. కొన్ని రాత్రులు 5 డిగ్రీలకును దిగువకు పోవుట కలదు. తెలంగాణలోని ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాల వారికిని ఈ బాధ తెలియనిది కాదు.

పంటను చలినుండి కాపాడుట గూర్చి ఈ పుటలలో తరచు చెప్పుచుందుము. పంట పండించు మనుష్యులు ఈ రెండు నెలలు ఇంటిలో ఎట్లు గడపవలెనో ఈసారి ముచ్చటింతము. దీనికి కొనవలసిన సామగ్రి దాదాపు లేదు. కావలసినవి మీ కళ్ళములోనే యున్నవి.

నా పొరపాటు

మొదట నా పొరపాటు నొకదానిని చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కొండపల్లెలో రైతుల సమావేశము జరిపి, చలిగాలి రాకుండ గోడల కన్నములను, తలుపు సందులను మట్టితోను గడ్డితోను పూడ్చవలెనని బోధించితిని. వారు శ్రద్ధగా విని అట్లే చేసిరి. జనవరిలో ఒకరాత్రి ఆ పల్లెలోని ఒక యింట బాలింతకు వెచ్చదనమునకై మంచము క్రింద బొగ్గుల కుంపటి నుంచి, తలుపు బిగించి నిద్రించిరి. తెల్లవారుజామున శిశువు ఏడ్చుట విని అవ్వ లేచెను. తల తిరిగి, కాళ్ళు తేలిపోయి, ఎట్లో తలుపు గడియ తీసి గడప మీద పడిపోయెను. ఆమె పడిన శబ్దమునకు ఇరుగుపొరుగువారు వచ్చి, తల్లిని బిడ్డను బయటకు తెచ్చిరి. ఆసుపత్రిలో చికిత్స జరిగి ముగ్గురును బ్రతికిరి.

నేను చూడబోయినప్పుడు ఆ అవ్వ, "నువ్వు సెప్పినట్టే కన్నాలన్నీ మూసేసినాం గదా బాబూ!" అని మాత్రము అనెను. కన్నములు మూయుట చెప్పితిని గాని, మూసిన గదిలో నిప్పు ఉంచరాదని చెప్పలేదు. సగము చెప్పిన సలహా ప్రాణము మీదికి తెచ్చెను. అందుచేత ఈ వ్యాసములో రెండు సగములును చెప్పుచున్నాను.

వేడి ఎచ్చటికి పోవుచున్నది?

చలికి మందు నిప్పే యని మన భావము. కాని ప్రతి మనిషి శరీరమును ఒక చిన్న పొయ్యి వంటిదే. నిద్రలో నున్న మనిషి శరీరమునుండి సుమారు 70 వాట్ల వేడి వెలువడుచుండును. నలుగురు పెద్దలు ఎనిమిది గంటలు నిద్రించినచో, ఆ వేడి రెండు యూనిట్ల విద్యుత్తునకు మించును. వేడి లేకపోవుట మన కష్టము కాదు. ఉన్న వేడి నిలువకపోవుటయే కష్టము.

ఆ వేడి మూడు దారులలో పోవును. ఒకటి, ఒంటికి తగిలియున్న చల్లని నేల దానిని పీల్చుకొనును. రెండు, సందులలో దూరు గాలి దానిని మోసికొని పోవును. మూడు, చల్లని కప్పు, గోడలవైపు అది ప్రసరించును. ఈ మూడింటికి అడ్డు వేయుటకు చౌకయైన వస్తువు కదలక నిలిచిన గాలి. నిలిచిన గాలి వేడిని మిక్కిలి నెమ్మదిగా ప్రసరింపజేయును. వరిగడ్డి, దూది, గొంగళి వెచ్చగ నుండుటకు కారణము వాని పోగుల నడుమ చిక్కుకొన్న గాలియే. గడ్డి తడిసినను, నలిగి పిండి యయినను ఆ గాలి పోవును, వెచ్చదనమును పోవును.

పడక క్రింద మొదలు పెట్టవలెను

చాలమంది మీద రెండు దుప్పట్లు కప్పుకొని, క్రింద ఒక్క చాప పరచుకొందురు. ఇది తలక్రిందుల పద్ధతి. ఒంటి బరువునకు క్రింది బట్ట నలిగి పలుచనగును. నేల రాత్రంతయు వేడిని లాగుచుండును. రెండు దుప్పట్లే యున్నచో ఒకటి క్రింద పరచుటయే మేలు.

అంతకంటె మేలైనది గడ్డి పరుపు. నాలుగు ఖాళీ గోనెసంచులను విప్పి, ఉతికి ఎండబెట్టి, జతపరచి కుట్టినచో ఒక మనిషి పరుండు పరుపునకు గలీబు సిద్ధమగును. ఈ యేటి వరిగడ్డిని రెండు దినములు బాగుగ ఎండనిచ్చి, దుమ్ము దులిపి, సుమారు 10 కిలోలు అందు నింపవలెను. చేతితో నొక్కినప్పుడు 4 అంగుళముల మందమునకు తగ్గరాదు. ప్రతి మూడు, నాలుగు దినములకొకసారి ఎండలో వేసి తిరగవేసినచో చెమ్మయు పురుగును చేరవు. పరచుటకు ముందు తేలు, జెర్రి లేకుండ దులుపుట మరువరాదు. బూజు వాసన వచ్చిన గడ్డిని వెంటనే మార్చవలెను. ఆ దుమ్ము ఉబ్బసము గలవారికి హాని. నులకమంచము మీద పరుండువారికిని ఈ పరుపు అవసరమే, ఏలయన మంచము క్రింద చల్లగాలి ఆడుచుండును. గడ్డి పరుపు దగ్గర బీడి, కిరసనాయిలు బుడ్డి, కొవ్వొత్తి ఎంతమాత్రము పనికిరావు.

కప్పుకొను బట్టలు

ఒక దళసరి బట్టకంటె రెండు మూడు పలుచని పొరలు మేలు. పొరకు పొరకు నడుమ గాలి నిలుచును. పాత చీరలు, పంచెలు ఆరేడు పొరలుగ పరచి కుట్టిన బొంత మన అమ్మమ్మల కాలమునుండి వచ్చుచున్నదే. దానికి కొత్త దుప్పటి సాటి రాదు. తెలంగాణ, రాయలసీమలలో కురుమలు గొర్రె ఉన్నితో నేయు గొంగళికి ఇంకొక గుణము కలదు. కొంత చెమ్మ తగిలినను అది వెచ్చదనమును పూర్తిగ కోల్పోదు. నూలుబట్ట అట్లు కాదు. మంచు కురియు వేళ పొలమునకు పోయి తడిసి వచ్చినవారు మొట్టమొదట పొడిబట్ట కట్టుకొని, తరువాతనే మంటవద్దకు పోవలెను. తలకు పాగాయో మఫ్లరో, కాళ్ళకు మేజోళ్ళో వేసికొని నిద్రించుట మంచిది.

గోడలు, తలుపులు, కప్పు

గాలి వీచు వైపున గోడకు వెలుపల వెదురు దడి కట్టి, గోడకు దడికి నడుమ జానెడు మందమున గడ్డి కూరినచో గది చెప్పుకోదగినంత వెచ్చబడును. వంటపొయ్యి ఉన్న వైపు, పొగ పోవు వైపు ఈ పని చేయరాదు. తలుపు క్రింది సందునకు పాత బట్టలో గడ్డి చుట్టి, పాము వలె పొడవుగ కుట్టి అడ్డముంచవలెను. కిటికీకి గోనెపట్టా రెండు మడతలుగ వ్రేలాడదీయవలెను.

రేకుల ఇండ్లవారి బాధ ఎక్కువ. రేకు రాత్రివేళ ఆకాశమునకు వేడిని విడిచి త్వరగ చల్లబడును. తెల్లవారుజామున ఒంటి ఆవిరి దానికి తగిలి బొట్లుగ రాలును. రేకునకు జానెడు క్రిందుగ వెదురు తడికలతో అటక వేసి, దానిపై చాపలు పరచినచో ఈ బాధ చాలవరకు తగ్గును. వేసవిలో ఎండ వేడిమికిని ఆ అటకయే అడ్డు. మధ్యాహ్నము ఎండ పడు తలుపులు, కిటికీలు తెరచి, ప్రొద్దు వాలకముందే మూయవలెను.

పొయ్యి గాని, కుంపటి గాని, దీపము గాని లేని గదిని మాత్రమే ఇట్లు బిగింపవలెను. అప్పటికిని కప్పు దగ్గర చేయి పట్టునంత రంధ్రము ఒకటి విడువవలెను.

కుంపటి విషయము

ఇక రెండవ సగము. పొగ వచ్చు కట్టె చెడ్డది, పొగ లేని ఎర్రని బొగ్గు మంచిది అని మనవారి నమ్మకము. కట్టె పొగ కండ్లకు, ఊపిరితిత్తులకు చేటే గాని, అది మనిషిని లేపి బయటకు తరుమును. బొగ్గు అట్లు చేయదు. కాలుచున్న బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు, కండ్లు మండవు. రక్తములోని ప్రాణవాయువును మోయు పదార్థమునకు అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగ అంటుకొనును. నిద్రించువానికి మెలకువ రాకుండనే ప్రాణము పోవచ్చును. నిప్పుమీద బూడిద కప్పినను, గదిలో నీళ్ళగిన్నె ఉంచినను ఈ వాయువు తగ్గదు.

గావున ఈ నియమములు పాటించవలెను:

1. కుంపటిని ఇంటి బయట, అరుగుమీదనో వాకిటనో కాచుకొనవలెను.
2. లోపలికి తేక తప్పనిచో తలుపును, కిటికీని కొంత తెరచి, అందరు మేల్కొని యున్నంతవరకే ఉంచవలెను.
3. నిద్రకు ముందు కుంపటి గడప దాటి పోవలెను. ఆరినట్లు కనబడు బొగ్గును నమ్మరాదు.
4. బాలింత గదిలోను, శిశువు ఉయ్యాల దగ్గరను కుంపటి ఉంచు ఆచారమును మానవలెను.

ఇంటిల్లిపాదికి ఒకేసారి తలనొప్పి, తలతిరుగుడు, వికారము, కాళ్ళ నీరసము కలిగినచో అది విషవాయువని ఎంచి, వెంటనే తలుపులు తెరచి అందరిని బయటి గాలిలోనికి తెచ్చి, 108కి ఫోను చేయవలెను. తేరుకొన్నట్లు కనబడినను వైద్యునికి చూపక మానరాదు.

బాలింత, శిశువు, వృద్ధులు

కుంపటి మానినచో బిడ్డకు వెచ్చదనమెట్లు అని తల్లులు అడుగుదురు. తల్లి రొమ్మునకు మించిన కుంపటి లేదు. బట్టలు లేని శిశువును తల్లి రొమ్మున ఒంటికి ఒళ్ళు తగులునట్లు చేర్చి, తలకు టోపీ పెట్టి, ఇద్దరి మీదను ఒకే దుప్పటి కప్పవలెను. శిశువు ముఖము మాత్రము మూయరాదు. తల్లికి నిద్ర వచ్చునప్పుడు మరియొకరు కనిపెట్టి యుండవలెను. పుట్టిన బిడ్డకు కనీసము 24 గంటల వరకు స్నానము చేయించవద్దని వైద్యులు చెప్పుచున్నారు. వేడినీళ్ళ సీసాలు శిశువు ప్రక్కన ఉంచరాదు, లేతచర్మము కాలును.

పెద్దలకు రాత్రి పడుకొనుటకు ముందు వేడి చోడి అంబలియో, పలుచని గంజియో ఇచ్చుట మేలు. జీలుగు కల్లు, సారా త్రాగినచో వెచ్చబడినట్లు తోచును. నిజమునకు చర్మములోని రక్తనాళములు విచ్చుకొని లోపలి వేడి బయటకు పోవును. త్రాగి ఆరుబయట నిద్రించుట ప్రాణాపాయము. ముదుసలివారు చలికి వణుకుట సహజము. వణుకు ఆగి, మాట తడబడి, మత్తుగ నున్నచో అది తగ్గుదల కాదు, ప్రమాద సూచన. తడిబట్టలు తీసి, పొడి బొంతలు చుట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

విద్యుత్తు హీటరు

1,000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ కాల్చును. రాత్రి ఎనిమిది గంటలకు ఎనిమిది యూనిట్లు. సందులున్న గదిలో ఆ వేడి నిలువక పోవును. గడ్డి పరుపునకు, తలుపు అడ్డునకు, అటకకు ఖర్చు ఒక్కసారియే. ముందు వేడిని నిలుపు ఏర్పాటు చేసికొని, అటుపిమ్మటనే హీటరు మాట తలపవలెను.

గడ్డి తిరిగి పొలమునకే

ఫిబ్రవరి చివర చలి తగ్గగనే పరుపుల గడ్డిని తీసి పశువుల కొట్టములో దూడల క్రింద పరచవచ్చును. వానికిని చల్లని తడినేల చేటు చేయును. పేడతో, మూత్రముతో తడిసిన ఆ గడ్డి పెంటగొయ్యికి చేరి, మరుసటి ఏటికి ఎరువగును. దడిలో కూరిన గడ్డిని మాత్రము వేసవికి ముందే తీసివేయవలెను. ఎండిన గడ్డికి నిప్పురవ్వ చాలును.

ఈ సంవత్సరము వరిగడ్డి వాము వేయునప్పుడు ఇంటిలోని మనిషి కొకటి చొప్పున పరుపులకు సరిపడు గడ్డిని వేరుగ తీసి యుంచుడు. పరుపులు కుట్టిన నాడే, కుంపటిని రాత్రి గడప బయట ఉంచు చోటు ఏదో ఇంటిల్లిపాది కూర్చుండి నిర్ణయించుకొనుడు. మొదటి పని చేసి రెండవది మరచిన యిల్లు మీ పల్లెలో నున్నచో, నాకు జరిగిన సంగతి వారికి చెప్పుడు.