సాయంత్రం ఆరు దాటాక వెళ్లి చూడు, చెల్లీ

డిమెన్షియా ఉన్న మీ అత్తగారి కోసం హోము చూడటానికి పొద్దున పదకొండింటికి మాత్రం వెళ్లకు చెల్లీ. ఆ వేళకి అందరికీ స్నానాలైపోయి, తలలు దువ్వి, బొట్లు పెట్టి, హాల్లో టీవీ ముందు వరసగా కూర్చోబెట్టి ఉంటారు. నేల ఫినాయిల్ వాసనేస్తూ తళతళలాడుతుంటుంది. మేనేజర్ గారు టీ ఇప్పించి, బ్రోచర్ చేతిలో పెట్టి, "మా దగ్గర అచ్చం ఇంట్లో ఉన్నట్టే మేడం" అంటారు. పెళ్లిచూపులకి సర్దిన ఇల్లు చూసి ఆ ఇంటి సంగతి తేల్చుకోలేం కదా, ఇదీ అంతే. పదకొండింటికి బాగోని హోము నేనైతే ఇంతవరకూ చూడలేదు.

సాయంత్రం ఆరు దాటాక వెళ్లు. ఎందుకంటే ఈ జబ్బుకి ఆ వేళ పడదు. వెలుతురు తగ్గేకొద్దీ, రోజంతా అలసిన మెదడుకి ఎక్కడున్నానో అంతుపట్టక కంగారు మొదలవుతుంది. డాక్టర్లు దాన్ని సన్‌డౌనింగ్ అంటారు. మా పిన్నికి ఐదున్నర అయ్యేసరికి కుచ్చిళ్లు సర్దుకుని, చేతిసంచీ వెతుక్కుని, "పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు, నేను పోవాలి" అంటూ గుమ్మం వైపు నడవడం అలవాటు. అప్పటికి పెద్ద పిల్లాడు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. హోముల్లో కూడా ఆ గంటల్లోనే పగటి డ్యూటీ ఆయాలు వెళ్లిపోతుంటారు, రాత్రివాళ్లు ఇంకా వస్తుంటారు. అంటే పెద్దవాళ్లకి మనిషి తోడు బాగా కావాల్సిన సమయానికే మనుషులు తక్కువ.

పిన్ని కోసం నేనూ, పిన్ని కూతురూ హైదరాబాదులో హోములు తిరిగాం. ఒకచోట ఒక పెద్దావిడ అచ్చం మా పిన్నిలాగే "ఇంటికి పోతా" అని గేటు పట్టుకుని నిలబడింది. ఆయా దూరం నుంచే, "ఇదే మీ ఇల్లు, మీ కొడుకు అమెరికాలో ఉన్నాడు, ఎన్నిసార్లు చెప్పాలి అమ్మా" అని కేక వేసింది. ఆయా అన్న ప్రతి ముక్కా నిజమే. ఆ ముసలామె మాత్రం గేటు ఊపడం మొదలుపెట్టింది. ఇంకోచోట ఇంకో పెద్దావిడ ఇదే మాట అంటే, ఒక అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని, "పిల్లలకి ఏం చేసిపెడతారు అమ్మమ్మా?" అంది. "ఉప్మా" అందావిడ. "జీడిపప్పు వేస్తారా?" అని అడుగుతూ, నడిపించుకుంటూ వంటింటి వైపు తీసుకెళ్లింది. గేటు సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. ఆ రెండో హోము బిల్డింగు పాతది, గోడలకి పెచ్చులూడుతున్నాయి. పిన్నిని అక్కడే చేర్చాం. మనం చూడాల్సింది గోడల్ని కాదు, మన మనిషిని ముట్టుకునే మనుషుల్ని.

ఇంకా ముందుకెళ్లేలోపు ఒక్కమాట, నీ మనసులో ఉన్నది నేనే అనేస్తాను. "అత్తగారిని హోములో పడేసింది" అంటారని భయం కదూ? అంటారు. అనేవాళ్లలో ఒక్కరు కూడా రాత్రి రెండింటికి నీ బదులు లేచి పక్కబట్టలు మార్చరు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లలో ఎక్కువమందిని చూసుకుంటున్నది ఇళ్లల్లోని ఆడవాళ్లే. నడుము పడిపోయో, ఉద్యోగం వదులుకునో, చివరికి చేతకాకో హోము వెతికితే తప్పేం లేదు. నలుగురి మాట గురించి ఇంతకంటే చెప్పను, అసలు సంగతికి వద్దాం.

మామూలు వృద్ధాశ్రమం వేరు, డిమెన్షియా హోము వేరు. చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటాయి. డిమెన్షియా అని దాచి చేర్పిస్తే మూడో నెలలోనే "వచ్చి తీసుకెళ్లండి" అని ఫోనొస్తుంది. కాబట్టి జబ్బు పేరు, రకం, మందుల చీటీ అన్నీ ముందే బల్ల మీద పెట్టు. రకం ఎందుకంటావా? అల్జీమర్స్ ఒక్కటే కాదు, లూయీ బాడీ అనే రకం ఉంది. ఆ రకం వాళ్లకి కంగారు తగ్గించడానికి ఇచ్చే కొన్ని మానసిక మందులు తీవ్రంగా వికటిస్తాయి. ఆ ముక్క హోము నర్సుకి తెలిసి ఉండాలి.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్తాను. "మా దగ్గర రాత్రిళ్లు అందరూ హాయిగా నిద్రపోతారు" అని ఎవరైనా గొప్పగా చెబితే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణ ప్రమాదం పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు సమాచార పత్రంలో గట్టి హెచ్చరిక వేయించింది. అసలు వాడకూడదని కాదు, ఒక్కోసారి వాడక తప్పదు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, మళ్లీ ఎప్పుడు తగ్గిస్తారు, మొదలుపెట్టేముందు నీకు ఫోన్ చేస్తారా, ఇవి అడుగు. "డాక్టర్ గారు వచ్చినప్పుడు చూస్తార్లెండి" అంటే ఆ డాక్టర్ గారు వారానికి ఎన్నిసార్లొస్తారో, పేరేంటో కనుక్కో.

కట్టేయడం ఇంకోటి. నువ్వు వెళ్లినప్పుడు కుర్చీల వైపు ఓ కన్నేసి ఉంచు. ఒక్కోచోట చున్నీతోనో, పాత చీర ముక్కతోనో మనిషి నడుముని కుర్చీకి ముడేసి ఉంచుతారు. ముందు బల్ల అడ్డం పెట్టి లేవకుండా చేయడం కూడా కట్టేయడమే. "పడిపోతారని సేఫ్టీ కోసమండీ" అంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అప్పటికప్పుడు ముంచుకొచ్చిన ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, అదీ మానసిక వైద్యుడి అనుమతితోనే మనిషిని కట్టాలి. సిబ్బంది చాలరన్న కారణంతో కట్టకూడదు. కట్టిన ప్రతిసారీ రోగి తరఫున నియమించిన ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. జ్ఞాపకం, ఆలోచన, స్థలకాలాల ఎరుక బాగా దెబ్బతిన్న జబ్బులు ఆ చట్టం నిర్వచనంలోకి వస్తాయి. అందుకే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందా, ఆ కాగితం చూపిస్తారా అని మొహమాటం లేకుండా అడుగు.

రాత్రి ఎంతమంది పెద్దవాళ్లకి ఎంతమంది ఆయాలు? ఈ ప్రశ్నకి "సరిపడా ఉన్నారండీ" అనేది జవాబు కాదు. అంకె చెప్పించు. వాళ్లు మెలకువగా ఉండే డ్యూటీయా, అక్కడే చాపేసుకుని పడుకునే డ్యూటీయా కూడా అడుగు. ఆయాలు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో మేనేజర్ని కాదు, ఆయానే అడగాలి. నెలకో కొత్త ముఖం వచ్చే చోట మా పిన్ని కాఫీ స్టీలు గ్లాసులో ఇస్తేనే తాగుతుందని ఎవరికి గుర్తుంటుంది?

భాష గురించి నాకో పట్టుదల ఉంది. హైదరాబాదులో అటెండెంట్లుగా వేరే రాష్ట్రాల పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు, మంచి పిల్లలే. కానీ ఈ జబ్బులో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి, చిన్నప్పటి మాట ఎక్కువకాలం నిలుస్తుంది. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు ఫైళ్లు తిరగేసిన మనిషి కూడా "కడుపులో నొప్పి" అని తెలుగులోనే అంటాడు. "పానం మంచిగ లేదు" అని ఒక కరీంనగర్ పెద్దాయన అంటే అర్థమయ్యే మనిషి షిఫ్టుకి ఒక్కరైనా ఉండాలి. తెలుగు వచ్చినవాళ్లు రాత్రి డ్యూటీలో ఉన్నారా లేదా, అది తేల్చుకో.

భోజనం వేళ దాకా ఉండు. "మేమూ ఇక్కడే తింటాం, ప్లేటుకి డబ్బులిస్తాం" అని కూర్చో. మెనూ బోర్డు చదవకు, ముద్ద ఎలా పెడుతున్నారో చూడు. మేం చూసిన ఒక హోములో ఆయా నిలబడి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, చెంచా మీద చెంచా నోట్లో కుక్కుతోంది. పెద్దాయన బుగ్గలో అన్నం అలాగే ఉండిపోయింది. దగ్గొచ్చింది. ఆవిడ నీళ్లు పోసింది. ఈ జబ్బు ముదిరినవాళ్లకి మింగడం కష్టమవుతుంది, మెతుకులు గాలిగొట్టంలోకి పోతే న్యుమోనియా రావచ్చు, చాలామందిని చివరికి తీసుకుపోయేది అదే. పిన్ని ఉన్న చోట అమ్మాయి ఎదురుగా స్టూలేసుకుని, కళ్లకి కళ్లు కలిసే ఎత్తులో కూర్చుంటుంది. పప్పన్నం మెత్తగా కలిపి, ఉసిరికాయంత ముద్ద చేసి, పెట్టి ఆగుతుంది. గొంతు కదిలిందాకా చూస్తుంది. "మింగావా? ఏదీ, ఆ అను" అంటుంది. మా పిన్ని భోజనానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట ఇచ్చే హోము కావాలి మనకి.

గోళ్లు చూడు. చెవుల వెనక చూడు. కట్టుడుపళ్ల గిన్నెల మీద, కళ్లజోళ్ల మీద, చీరల అంచు లోపల పేర్లు రాశారో లేదో చూడు. పేర్లు లేకపోతే నాలుగో వారానికి మీ అత్తగారి జాకెట్టు ఇంకొకరి ఒంటి మీద ఉంటుంది. మంచం పట్టినవాళ్ల గదిలోకి కూడా తీసుకెళ్లమను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, ఆ టైములు రాసే కాగితం మంచానికి వేలాడుతుండాలి. "అక్కడ ఇన్ఫెక్షన్ మేడం, ఎవర్నీ రానివ్వం" అంటే నేనైతే నమ్మను. నెలనెలా బరువు తూస్తారా, పడిపోతే రాసిపెడతారా అనేవి కూడా అడుగు.

ఇక 'యాక్టివిటీ'. ఒకచోట డెబ్బై ఐదేళ్ల ఆవిడకి ఎల్‌కేజీ పిల్లలు రంగులేసే పుస్తకం ఇచ్చి, చప్పట్లు కొట్టిస్తున్నారు. ఆవిడ ఒకప్పుడు ఇరవైమంది ఉన్న ఇంటికి వండి పెట్టిన మనిషి! నాకు ఒళ్లు మండింది. పిన్ని ఉన్న చోట పక్కన ఒకరుండి పళ్లెంలో గోరుచిక్కుళ్లు పోసిస్తే, పిన్ని ఈనెలు తీస్తుంది. మధ్యలో "ఇవి ముదురు, కూరకి పనికిరావు" అని తిడుతుంది కూడా. అందుకే చేర్చే రోజు మందుల చీటీతోపాటు ఇంకో కాగితం రాసివ్వు: ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది, స్నానం పొద్దున్నా రాత్రా, మగ అటెండెంట్ అంటే భయమా, శనివారం ఉపవాసమా, దేనికి ఏడుస్తుంది, ఏ పాటకి ఊరుకుంటుంది. ఆ కాగితం చదివి ఎదురు ప్రశ్న వేసిన హోముకి సగం మార్కులు ఇచ్చెయ్.

బతుకమ్మకీ, సంక్రాంతికీ పెద్దవాళ్ల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే హోములున్నాయి. మీ అత్తగారు ఎటో చూస్తున్న ఫోటో ఊరందరికీ కనపడటం నీకిష్టం లేకపోతే ముందే రాయించుకో.

ఒప్పందం ఇంటికి తెచ్చుకుని చదువు, అక్కడే సంతకం పెట్టకు. డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారు, డైపర్లు నెల ఫీజులో ఉన్నాయా, ఆస్పత్రిలో చేర్చాల్సివస్తే తోడు ఎవరుంటారు, ఏ కారణాలకి బయటికి పంపేస్తారు, పూర్తిగా మంచం పట్టినా ఉంచుకుంటారా అనేవి అందులో ఉండాలి. "గొడవ చేస్తే తీసుకెళ్లాలి" అని రాసి ఉంటే, ఆ గొడవ ఈ జబ్బు లక్షణమేగా, ఎలా సర్దుతారో చెప్పమను. చేర్చాక హఠాత్తుగా మనిషి మారిపోతే, ఒక్కరోజులో మాట తడబడినా, అరిచినా, జబ్బు ముదిరిందని ఊరుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివేమైనా ఉన్నాయేమో పరీక్ష చేయించమను. "అలవాటు పడేదాకా ఇంటివాళ్లు రావద్దు" అనే హోములున్నాయి. ఒకట్రెండు రోజులంటే సరే, అంతకుమించితే నేనొప్పుకోను. సందేహాలుంటే పెద్దవాళ్ల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

ఇంకొక్కటి, మీ మరిది సంగతి. డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో హోము చూసి "బాగానే ఉంది కదా వదినా" అనేస్తాడు. కాదనకు, కానీ ఈసారి ఇండియా వచ్చినప్పుడు ఒక సాయంత్రం హోములో కూర్చోబెట్టు, అన్నం వేళ దాకా. డబ్బు పంచుకోవడంతో సరిపోదు. అర్ధరాత్రి ఫోన్ చేయాల్సినవాళ్ల పేర్లు రాసే గడి దరఖాస్తులో ఉంటుంది చూడు, అందులో నీ పేరొక్కటే రాయకు. మీ ఆయన పేరు, మీ మరిది పేరు ముందు రాయించు, ఆ తర్వాత నీది.