పరీక్షల భయం: మూసా (అ) గాథ నేర్పే పాఠం

పరీక్షలు దగ్గరపడుతున్న కొద్దీ మన ఇళ్ళలో వాతావరణమే మారిపోతుంది. పిల్లలకు అన్నం సహించదు, నిద్ర పట్టదు. చదివిందంతా మరచిపోయినట్లనిపిస్తుంది. “నావల్ల కాదేమో” అన్న అనుమానం మనసును తొలిచేస్తుంది. కొందరైతే “నా ఈమాన్ బలహీనమైనందువల్లే ఇంతగా భయపడుతున్నాను” అని తమను తామే నిందించుకుంటారు. ఈ ఆలోచన సరైనదేనా? దివ్య ఖుర్ఆన్ వెలుగులో పరిశీలిద్దాం.

ప్రవక్తకూ భయం కలిగింది

ఫిరౌను వద్దకు వెళ్ళమని అల్లాహ్ ఆజ్ఞాపించినప్పుడు హజ్రత్ మూసా (అ) తన స్థితిని దాచుకోలేదు. తన గుండె బిగుసుకుపోతోందనీ, నాలుక సరిగా ఆడటం లేదనీ, వారు తనను తిరస్కరిస్తారేమోనని భయంగా ఉందనీ విన్నవించుకున్నారు. ఈ విషయం షుఅరా సూరాలో ఉంది. దానికి అల్లాహ్ ఆయన్ని మందలించలేదు. తాను వెంట ఉన్నానని ధైర్యం చెప్పాడు. దీన్నిబట్టి భయం కలగడం పాపం కాదని, అది మానవ సహజమని తెలుస్తోంది. భయానికి లొంగి పని మానుకోవడమే నష్టదాయకం.

మూసా (అ) చేసిన మూడు పనులు

మొదటిది, దుఆ. తన హృదయాన్ని విశాలపరచమని, పనిని సులభం చేయమని, నాలుక ముడి విప్పమని ఆయన వేడుకున్నారు. తాహా సూరాలోని ఈ దుఆను మన పిల్లలు కంఠస్థం చేస్తారు. అర్థం కూడా తెలుసుకుని, పుస్తకం తెరిచేముందు మనసారా అడుగుకోవాలి.

రెండవది, సహాయకుణ్ణి కోరడం. సోదరుడు హారూన్ (అ)ను తనకు తోడుగా ఇమ్మని ఆయన అడిగారు. అల్లాహ్ ఆ కోరిక తీర్చాడు. ప్రవక్తే తోడు కోరుకున్నప్పుడు అర్థంకాని లెక్కను అధ్యాపకుణ్ణి అడగడానికి, మనసులోని దిగులును అమ్మీతోనో అన్నయ్యతోనో చెప్పుకోవడానికి మనం సిగ్గుపడటం దేనికి?

మూడవది, చేతిలో ఉన్నదాన్ని వినియోగించడం. మాంత్రికుల తాళ్ళు, కర్రలు పాముల్లా కదులుతున్నట్లు కనిపించినప్పుడు మూసా (అ) మనసులో మళ్ళీ భయం కలిగింది. అప్పుడు అల్లాహ్ భయపడవద్దని చెప్పి, కుడిచేతిలో ఉన్నదాన్ని పడవేయమన్నాడు. పరీక్ష హాల్లో మనం చేయవలసిందీ ఇదే. రాని ప్రశ్నను చూసి బెంబేలెత్తకుండా, వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఒక జవాబు పూర్తయ్యేసరికి చేయి కుదురుకుంటుంది, మనసూ కుదుటపడుతుంది.

అయితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధన. పాత ప్రశ్నపత్రాలను గడియారం ముందు పెట్టుకుని రాయడం, ఇషా తర్వాత కబుర్లు మాని త్వరగా పడుకోవడం, ఫజ్ర్ తర్వాతి ప్రశాంత సమయంలో చదవడం... ఒంటెను కట్టడమంటే ఇదే.

ఫలితం మనిషికి తూనిక కాదు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో పొరపాట్లు జరిగాయని తర్వాత తేలింది. తిరిగి పరిశీలించగా, తప్పారన్నవారిలో వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. మనుషులు వేసే మార్కులు తప్పు కావచ్చు. అవి ఒప్పే అయినా సప్లిమెంటరీ ఉంది, మరో సంవత్సరం ఉంది, మరో దారి ఉంది. ప్రాణం మాత్రం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆయన మన కృషిని చూస్తాడు, ర్యాంకును కాదు.

తల్లిదండ్రులారా! పక్కింటి పిల్లల మార్కులతో మీ బిడ్డను పోల్చకండి. ఫలితాల రోజున “ఎన్నొచ్చాయి?” అనేకంటే ముందు దగ్గరకు తీసుకోండి. బిడ్డ ముభావంగా ఉన్నా, బతకాలని లేదన్నా తేలిగ్గా తీసుకోకండి. వెంటనే కూర్చోబెట్టి మాట్లాడండి, ఒంటరిగా వదలకండి, వైద్యునికి చూపించండి. ప్రభుత్వ ఉచిత సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

అల్లాహ్ మన పిల్లల హృదయాలను విశాలపరచుగాక! వారి పనులను సులభతరం చేయుగాక! ఆమీన్.