పుష్పభేదమును బట్టి తేనె గుణము
(శ్రీరాంపూర్ పరిసర గ్రామముల పట్టాదారులకును, తోటల యజమానులకును సూచనలు)

తేనె యెల్ల ఒక్క తీరుననే యుండవలెనను తలంపు మన గ్రామములలో మిక్కుటముగా నున్నది. బంగారు వన్నెతో పలుచగా నుండునదే మంచిదనియు, నల్లనిది మాడినదనియు, చలికాలమున పేరుకొన్నది చక్కెర కలిపినదనియు అనేకులు తలంచెదరు. దీనివలన కల్తీలేని తేనెకు వెల తగ్గి అమ్మువాడు నష్టపడును; కొనువాడు పాకమునే తేనెయని మోసపోవును. తేనె రంగు, రుచి, పేరుకొను స్వభావము ముఖ్యముగా అది యే పువ్వునుండి వచ్చెనో దానిని బట్టి యుండునని గ్రహించినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

తేనె యేర్పడు విధము

పువ్వులోని మకరందము నీటిలో కరగిన చక్కెరల ద్రవము. తేనెటీగ దీనిని పీల్చి, తన శరీరమున పుట్టు ఇన్వర్టేజ్ అను పాచకద్రవ్యముచే సుక్రోజును విడదీసి గ్లూకోజుగను, ఫ్రక్టోజుగను మార్చును. పిమ్మట తుట్టెలో రెక్కలతో విసరి నీటిని ఇగిర్చి, పక్వమైన గదికి మైనపు మూత వేయును. పక్వమైన తేనెలో సాధారణముగా నూటికి 38 పాళ్లు ఫ్రక్టోజు, 31 పాళ్లు గ్లూకోజు, 17 పాళ్లు నీరు ఉండును. తక్కినవి ఇతర చక్కెరలు, ఆమ్లములు, లవణములు, పుప్పొడి, పరిమళద్రవ్యములు. ఈగ పని అన్ని పూలయెడ ఒక్కటియే. ముడిసరుకు మాత్రము వేరు. కావున ఈ పాళ్లు పువ్వును బట్టి మారును.

పేరుకొనుట కల్తీకి గుర్తు కాదు

గ్లూకోజు నీటిలో ఫ్రక్టోజంత సులభముగా కరగి నిలువదు. తేనెలోని గ్లూకోజు నీటికి రెండింతలకు మించినచో త్వరలో పలుకులు కట్టును. ఒకటిన్నర యింతలైనచో బహుకాలము ద్రవముగనే నిలుచును. ఆవ, ప్రొద్దుతిరుగుడు పూల తేనెలు గ్లూకోజు హెచ్చుగా గలవి యగుటచే శీఘ్రముగా పేరుకొనును. ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములలో మార్గశిర పుష్యమాసముల చలి యిందుకు తోడ్పడును. ఇట్టి తేనెను నిప్పుపై కాచరాదు. పాత్రను గోరువెచ్చని నీటిలో నుంచిన కరగును. మిక్కిలి వేడిచేసినచో పరిమళము పోవును, హెచ్.ఎం.ఎఫ్. అను ద్రవ్యము పెరిగి నాణ్యము చెడును.

నీటిలో బొట్టు విడుచుట, వత్తిని ముంచి వెలిగించుట మొదలగు పరీక్షలు నమ్మదగినవి కావు. చిక్కని పాకమును వీనిలో నెగ్గగలదు. కల్తీని ప్రయోగశాలయే నిర్ణయింపగలదు.

రంగు, రుచి

నల్లని తేనె హీనమైనది కాదు. సాధారణముగా ముదురువన్నె తేనెలో ఖనిజలవణములు హెచ్చుగా నుండును. నేరేడు తేనె ముదురు రంగుతో నొకింత వగరుగా నుండును. ప్రత్తి తేనె లేతవన్నె గలది. పాత తుట్టెలో నిలువయుండుట, కాచుట వలనను రంగు ముదురును గావున రంగొక్కటే చూచి మూలమును నిశ్చయింపరాదు. తేనెలోని పుప్పొడిని సూక్ష్మదర్శినితో పరిశీలించుటయే మేలైన మార్గము. ఒక జాతి పుప్పొడి నూటికి 45 పాళ్లకు మించినచో ఆ తేనెను ఏకపుష్ప తేనెయని చెప్పుట వాడుక. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి పరిశీలనచే చిన్నతేనెటీగకు చింతచెట్టు ముఖ్యమైన ఆధారమని 1992లో ప్రకటించిరి.

మన పొలములలో తేనెకు ఆధారమేది?

పెద్దపల్లి జిల్లా శ్రీరాంపూర్ మండలమున వరి, ప్రత్తి, మొక్కజొన్న ప్రధానములు. వరి, మొక్కజొన్న పూలలో మకరందము లేదు; ఈగలకు పుప్పొడి మాత్రమే దొరకును. ప్రత్తికి పూలయందును, ఆకుల యీనెలయందును మకరందగ్రంథులున్నను పురుగుమందులచే ఈగలు చచ్చుట కలదు. కావున పొలముగట్ల మీది చింత, కానుగ, నేరేడు, కుంకుడు, రేగు చెట్లే తేనెకు ముఖ్యాధారము. ఇవి వేర్వేరు ఋతువులలో పూచుటచే ఈగలకు ఏడాది పొడుగునను మేత దొరకును. గట్టు మీది చింతను నరికిన రైతు కట్టెలకు ఒకమారు వెల పొందును. ఆ చెట్టు ఏటేట ఇచ్చు కాయను, తేనెను మాత్రము కోల్పోవును. నువ్వులు, ప్రొద్దుతిరుగుడు వేసినచో ఈగలకు మకరందము, పైరునకు పరపరాగసంపర్కము, రెండును చేకూరును.

రైతులు పాటింపవలసినవి

1. తుట్టెలో నాలుగింట మూడువంతుల గదులకు మూతపడిన పిదపనే తేనె తీయవలయును. నీరు నూటికి 20 పాళ్లకు మించరాదని భారత ఆహార ప్రమాణములు విధించుచున్నవి. మించినచో పులియును. వానకాలమున ఈ విషయమై మరింత జాగరూకత వలయును.

2. తుట్టెను పిండరాదు. పిల్లపురుగులు, పుప్పొడి కలిసి తేనె త్వరగా చెడును. చట్రపు తుట్టెనుండి యంత్రముతో తీయుట మేలు.

3. ఒక పూత ముగిసిన వెంటనే ఆ తేనెను వేరుగా తీసి, పాత్రపై పూవు పేరు, నెల, గ్రామము వ్రాసి యుంచవలయును. పలు పూతల తేనెలను కలిపినచో ప్రత్యేక గుణము నశించి వెల తగ్గును.

4. చక్కెరపాకము మేపు దినములలో ఏర్పడినదానిని తేనెగా అమ్మరాదు. అది పువ్వు తేనె కాదు.

5. పైరు పూతలో నున్నపుడు పురుగుమందు చల్లరాదు. తప్పనిసరియైనచో ఈగలు గూటికి మరలిన పిదప సాయంకాలమున చల్లవలయును. ఇరుగుపొరుగు తేనెపెట్టెల వారికి ముందుగా తెలుపవలయును.

6. కొనువారికి పేరుకొన్న తేనెను దాచక చూపి, కారణము వివరింపవలయును. పూవు పేరు చెప్పి అమ్మిన తేనెకు నమ్మకము కుదురును. నమ్మకము కుదిరిన సరుకునకు వెల నిలుచును.