నమూనా కారు

తాను కన్న పెద్ద వస్తువును చిన్నదిగా చేసి చేతిలోనికి తెచ్చుకొనవలెనను కోరిక మానవునకు సహజమైనది. ఓడలు కట్టువారు ముందుగా చిన్న యోడను చేసి పరీక్షింతురు. మేడ కట్టువారు అట్టతో నమూనా చేసి యజమానికి చూపుదురు. ఇవి పనికొరకు చేయునవి. కేవలము ప్రీతికొరకు చేయు నమూనాలును కలవు. వానిలో మోటారుకారుల నమూనాలు ముఖ్యమైనవి. వీనిని ఆటబొమ్మలని తలపరాదు. ఆటబొమ్మకు నాలుగు చక్రములు తిరిగిన చాలును. నమూనా కారునందు అసలు కారులోని ప్రతి కొలతయు ఒకే పాలున తగ్గి యుండవలెను.

ఈ పాలునే స్కేలు అందురు. 1:24 స్కేలు అనగా అసలు కారులోని 24 అంగుళములు నమూనాలో 1 అంగుళమగుట. మరియొక విధముగా చెప్పినచో అడుగునకు అరయంగుళము. నమూనా కారులకు ఈ స్కేలు మిక్కిలి వాడుకలోనున్నది.

ప్లాస్టిక్కు భాగములను అతికించి నమూనాలు చేయు అలవాటు ఇంగ్లండులో 1936లో ఫ్రాగ్ సంస్థ వెలువరించిన చిన్న విమానములతో ఆరంభమైనది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్కు వాడుకలోనికి వచ్చి ఈ వేడుక దేశదేశముల వ్యాపించెను. ఆ ప్లాస్టిక్కును కాచి కరగించి, ఉక్కు అచ్చులోనికి గట్టిగా నెట్టుదురు. అది చల్లారిన పిమ్మట తలుపు, చక్రము, ఆసనము మున్నగు భాగములన్నియు ఒక చట్రమునకు కాయలవలె అంటుకొని బయటకు వచ్చును. వానిని పెట్టెలో సర్ది అమ్ముదురు. ఈ పెట్టెకే కిట్టు అని పేరు.

అమెరికాలో ఏ.ఎం.టి. అను సంస్థ 1958లో ఒక కొత్త కిట్టును విక్రయించెను. దానిలోని భాగములతో కారును మూడు విధములుగా చేయవచ్చును. కర్మాగారపు ద్వారము దాటి వచ్చిననాడు కారెట్లుండెనో అట్లే చేయుట మొదటి విధము. దీనిని స్టాకు పద్ధతి యందురు. తన యిష్టము చొప్పున అలంకరించుట రెండవది. పందెపు కారుగా మార్చుట మూడవది. ఉన్నదున్నట్లు చేయుట సులభమని, కొత్తగా కల్పించుట కష్టమని పైకి తోచును. అనుభవజ్ఞులు ఇందుకు మారుగా చెప్పుదురు. స్వేచ్ఛగా అలంకరించినవాని తప్పును ఎవరు పట్టగలరు? అది వాని యిష్టమని యూరకుందురు. స్టాకు నమూనాను చేసినవాని యెదుట అసలు కారు సాక్షిగా నిలుచును.

ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున ఒక బాలుడు ఇట్టి నమూనాను చేయ పూనుకొనెనని యూహింపుడు. అతని తాత యౌవనమున అదే నగరమునందలి బ్రౌన్స్ లేన్ కర్మాగారమున, రంగులు వేయు శాలలో పనిచేసినవాడు. 2005లో అచ్చట కారుల తయారీ నిలిచిపోయినది. వృద్ధునకు చూపును తగ్గినది. ఆ కర్మాగారమున తయారైన జాగ్వార్ ఇ-టైప్ అను క్రీడాశకటమును చేసి తాతకు కానుకగా నీయవలెనని బాలుని సంకల్పము.

ఆ కారు సామాన్యమైనది కాదు. 1961 మార్చి నెలలో జెనీవా నగరమున అది మొదటిసారి ప్రజలకు ప్రదర్శింపబడెను. దాని యాకృతిని తీర్చినవాడు మాల్కమ్ సేయర్. అతడు పూర్వము విమానముల సంస్థలో పనిచేసినవాడు. గాలిని చీల్చుకొని పోవుటకు తగిన వంపులను కేవలము కంటి యంచనాతో గాక గణితముతో లెక్కించి గీచెను. పొడవైన ముందు భాగము, మూడు తుడుపు కర్రలు గల ముందటద్దము, తీగెలవంటి ఆకులు గల చక్రములు ఆ కారునకు గుర్తులు. 1974 వరకు 72 వేలకు పైగా కారులు తయారైనవి. 1996లో న్యూయార్కులోని ఆధునిక కళాసంగ్రహాలయము ఒక ఇ-టైప్ కారును కళాఖండముగా స్వీకరించినది.

బాలుడు పెట్టె తెరచి భాగములను కోయబోగా తాత వారించెను.

"నీవు చేయబోవునది ఏ సంవత్సరపు కారు?" అని అతడు ప్రశ్నించెను.

బాలుడు తెల్లబోయెను. ఇ-టైప్ అనిన చాలునని అతడు తలచియుండెను. తాత వివరించెను. మొదటి కారులలో యంత్రము 3.8 లీటర్లది, 1964లో 4.2 లీటర్లది వచ్చినది. అప్పుడే ఆసనములును మారినవి. మొట్టమొదటి కారులలో డ్యాష్ బోర్డు నడిమి భాగము మెరయు అల్యూమినియముతో చేసినది. పిమ్మట అది నల్లనైనది. మొదట దీపములపై గాజు కప్పులుండెడివి. తరువాతి కాలమున అవి తొలగినవి. ఒక యేటి దీపములు, మరియొక యేటి ఆసనములు కలిపినచో అట్టి కారు లోకమున ఎన్నడును లేనిదగును. బాలుడు 1961వ సంవత్సరపు కారును ఎన్నుకొని, దాని చిత్రములను సేకరించి, గోడకు అతికించుకొనెను. ముందు చక్రమునకు వెనుక చక్రమునకు నడుమ అసలు కారులో 96 అంగుళముల దూరము. అతడు కొలబద్దతో నమూనాను కొలిచి చూడగా సరిగా 4 అంగుళములుండెను.

పిదప పని మొదలయ్యెను. భాగములను చట్రమునుండి తుంపరాదు; తుంచినచో గుంట పడును. కొంచెము దూరముగా కత్తిరించి, మిగిలిన మొనను చాకుతోను, ఆకురాయితోను సవరింపవలెను. అచ్చునుండి సులభముగా ఊడి వచ్చుటకై పూసిన జిడ్డు భాగములకు అంటియుండవచ్చును. సబ్బునీటితో కడుగనిచో రంగు దానిపై నిలువదు. అచ్చు రెండు సగములు కలిసినచోట సన్నని గీత యేర్పడును. అట్టి గీత అసలు కారుపై లేదు గాన ఉప్పుకాగితముతో రుద్ది దానిని మాపవలెను. ఈ పనులేవియు పూర్తియైన నమూనాలో కనబడవు. కాని చేయనిచో వెంటనే కనబడును. పైన పటారము, లోన లొటారము అను సామెత ఈ విద్యలో చెల్లదు. మెరయు రంగు లోపమును కప్పదు, ఎత్తి చూపును.

రంగు వేయుటయే ఈ పనిలో పెద్ద పరీక్ష. ఇందలి చిక్కు నొక లెక్కతో తెలిసికొనవచ్చును. అసలు కారుపై రంగు పూతలన్నియు కలిసి సుమారు పదియవ వంతు మిల్లీమీటరు మందముండును. అదే మందమున నమూనాపై పూసినచో, స్కేలు ప్రకారము అది అసలు కారుపై 2.4 మిల్లీమీటర్ల మందమైన పూతతో సమానము! తలుపు చుట్టు నుండు సందు అసలు కారులో నాలుగు మిల్లీమీటర్లున్నచో, నమూనాలో మిల్లీమీటరులో ఆరవ వంతే యుండును. రెండంచులపైని రంగు దళసరియైనచో ఆ సందు పూడిపోవును. అప్పుడది తెరచుకొను తలుపుగా తోచక, గీత గీచిన గోడవలె కనబడును. కావుననే రంగు పలుచగా వేయవలెను.

బాలుడు మొదట ప్రైమరు అను బూడిదవన్నె తొలిపూత పూసెను. ఇది రంగు గట్టిగా పట్టుకొనుటకు తోడ్పడుటయే గాక, ఉప్పుకాగితపు గీతలను బయటపెట్టును. కనబడిన గీతలను మరల రుద్ది సరిచేసెను. తరువాత కర్మాగారము వాడిన రంగులలో ఒకటియైన కార్మెన్ ఎరుపును ఎన్నుకొనెను. రంగు ఆవిరి ఆరోగ్యమునకు హానికరము, నిప్పునకు అంటుకొనునది. కావున ఆరుబయట, ముక్కునకు ముసుగు కట్టుకొని, డబ్బాను జానెడు దూరమున నుంచి రంగును చిమ్మెను. చేయి కారుపై ఆగకుండ ఒక కొననుండి మరియొక కొనకు సాగవలెను. ఆగినచోట రంగు కారును. తొలిపూత మంచువలె పడవలెను. అది కొంత యారిన పిమ్మట రెండవది, తరువాత మూడవది. గాలిలో తేమ ఎక్కువగా నున్న దినమున కొన్ని రంగులు తెల్లబారును గాన అట్టి దినమున పని మానుటయే మేలు. ప్రతి పూత తరువాతను దుమ్ము పడకుండ దానిపై పెట్టెను బోర్లించెను.

మూడవ పూత వేసిన సాయంకాలము పెట్టె నెత్తి చూడగా కారు అద్దమువలె మెరయుచుండెను. ఆరినదో లేదో తెలిసికొనవలెనను ఆతురతతో బాలుడు బానెట్టుపై బొటనవ్రేలు మోపెను. రంగు ఆరలేదు. వ్రేలిముద్ర స్పష్టముగా పడెను. అసలు కారుపై అది ఒకటిన్నర యడుగుల మచ్చతో సమానము.

బాలునకు కన్నీరు వచ్చెను. కొంతసేపటికి ఒక యుపాయము తోచెను. బానెట్టు పొడవునను రెండు తెల్లని చారలు వేసినచో మచ్చ వానిక్రింద మరుగుపడును. చూచువారు పందెపు కారని మెచ్చుకొందురు. అతడు తెల్లరంగు డబ్బాను చేతబట్టి, తాతకు తన యుపాయమును చెప్పెను.

"బాగుగనే యుండును. నేను ఆ శాలలో నున్నంతకాలము అట్టి చారలు వేయలేదు. అయినను ఇది నీ కారు, నీ యిష్టము" అని తాత పలికెను.

బాలుడు చాలసేపు మాటాడలేదు. తుదకు డబ్బాను బీరువాలో పెట్టెను. రంగు లోపలివరకు గట్టిపడుటకు వారము దినములు ఆగెను. ఆ వారమును వ్యర్థము చేయలేదు. టైర్లను కారునలుపుగా గాక ముదురు బూడిదవన్నెగా దిద్దెను. వాడిన రబ్బరు వన్నె అట్టిదే. చక్రమునకు 72 ఆకులు గలవు. వాని నడుమ పలుచని నల్లరంగును పారించి, పైభాగములు వెండివలె కనబడునట్లు తుడిచెను. పిదప అత్యంత నునుపైన ఉప్పుకాగితమును నీట తడిపి, ముద్ర మాయువరకు బానెట్టును రుద్ది, మరల పలుచగా రెండు పూతలు పూసెను. ఈసారి రెండు దినముల వరకు పెట్టె నెత్తలేదు.

కడపట అద్దములను అమర్చెను. ప్లాస్టిక్కు జిగురు ప్లాస్టిక్కునే కొంచెము కరగించి భాగములను ఏకము చేయును. అద్దమునకు అది తగిలినచో మసకబారును. క్షణములో పట్టుకొను జిగురునుండి వెలువడు ఆవిరియు తెల్లని పొర కట్టించును. కావున కొయ్యపనికి వాడు తెల్లని జిగురును పంటిపుల్లతో అంటించెను. అద్దపు చట్రమునకు క్రోమియపు మెరుపు వచ్చుటకై సన్నని అల్యూమినియపు రేకును అతికి, అదుమి, అంచులను చాకుతో కోసెను.

తాత నమూనాను అరచేత నుంచుకొనెను. ఎరుపు రంగు తప్ప తక్కినవి ఆతనికి స్పష్టముగా కనబడలేదు. అతడు చూపుడు వ్రేలితో ముందు భాగమునుండి వెనుక వరకు మెల్లగా తడిమెను. బానెట్టుపై వ్రేలు ఎచ్చటను ఆగలేదు. తలుపు కడకు వచ్చినప్పుడు మాత్రము గోరు సన్నని సందులో తగులుకొని నిలిచెను.

"తలుపు సరిగా పడినది. ఇక నీ కారును బయటకు పంపవచ్చును" అని అతడు నవ్వెను.

పూర్వము శాలలో పని ముగిసిన ప్రతి కారును చూచి అతడు ఆ మాటయే చెప్పెడివాడు. బాలునకు ఆ సంగతి తెలియదు. ముద్ర పడిన దినమున చారలు వేయక ఆగుట మంచిదయ్యెనని మాత్రము అతనికి తోచెను.

ప్రశ్నలు

1. ఆటబొమ్మకును నమూనాకును గల భేదమేమి?
2. స్టాకు పద్ధతి సులభమని తోచినను కష్టమైనదని ఏల చెప్పుదురు?
3. రంగును పలుచగా వేయవలసిన కారణమును లెక్కతో నిరూపింపుము.
4. "ఏ సంవత్సరపు కారు?" అని తాత ఏల ప్రశ్నించెను?
5. బాలుడు తెల్లరంగు డబ్బాను బీరువాలో పెట్టుటకు కారణమేమి? నీవైనచో ఏమి చేసియుందువు?