గోడ మీద గీతలు

సంక్రాంతికి ఇంకా మూడు రోజులుంది. సుగుణ ఇంటి గోడలకు సున్నం వేసింది. రెండు రోజుల కూలి డబ్బు సున్నానికే అయిపోయింది. అయినా గోడలు తెల్లగా మెరుస్తుంటే ఆమె మనసు నిండిపోయింది.

మర్నాడు సుగుణ మిరపకాయలు కోయడానికి పోయింది. పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

తెల్లటి గోడ నిండా నల్లటి గీతలు! అడ్డం గీతలు, నిలువు గీతలు, సుడులు సుడులుగా గీతలు. పక్కనే చిట్టి నిలబడి ఉంది. చిట్టికి రెండున్నర ఏళ్ళు. చేతిలో పొయ్యి దగ్గరి బొగ్గు ముక్క. ముఖం నలుపు. గౌను నలుపు.

“అమ్మా, చూడు!” అంది చిట్టి నవ్వుతూ.

పొద్దుటి నుంచి ఎండలో వంగి వంగి సుగుణ నడుము విరిగిపోతోంది. ఆ గోడ చూసేసరికి ఒళ్ళు మండింది. చిట్టి చెయ్యి మీద చెళ్ళున కొట్టింది. బొగ్గు ముక్క లాక్కుని బయటికి విసిరింది.

“ఇంకోసారి గీశావంటే చెయ్యి విరగ్గొడతా!”

చిట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అన్నం తినకుండానే నిద్రపోయింది.

చిట్టి చేతులు దాచుకుంది

నెలాఖరులో అంగన్‌వాడీలో పిల్లల బరువు చూశారు. సుగుణ చిట్టిని ఎత్తుకుని పోయింది. టీచర్ చిట్టి బరువు తూచింది. కార్డులో గుర్తు పెట్టింది. తరువాత చిట్టికి పలక, సుద్దముక్క ఇచ్చింది.

“గీయి తల్లీ” అంది.

చిట్టి సుద్దముక్క తీసుకోలేదు. రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. అమ్మ ముఖం వైపు చూసింది.

“ఏంటి సుగుణా! ఈ వయసు పిల్లలు సుద్దముక్క కనిపిస్తే వదలరే” అంది టీచర్.

సుగుణ జరిగింది చెప్పింది. “సున్నం డబ్బులు దండగైపోయాయి టీచరమ్మా. కోపం ఆగలేదు” అంది.

టీచర్ ఆమెను తప్పు పట్టలేదు.

“సున్నం వేసింది నువ్వు. నీళ్ళు మోసేది నువ్వు. కోపం రాదా మరి? కానీ చిట్టి నీ గోడ పాడు చేయాలనుకోలేదు. చెయ్యి కదిపితే గోడ మీద గుర్తు పడింది. అది చూసి సంబరపడింది. ఆ సంబరం నీకు చూపించింది.”

సుగుణ ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఆమె రాత్రి బడికి పోయింది. పలక పట్టుకుంది. మొదటి రోజు గుర్తుకు వచ్చింది. ఆ రోజు బలపం పట్టుకుంటే చెయ్యి వణికింది. తప్పు రాస్తే ఎవరేమంటారో అని భయం వేసింది. ‘అ’ అక్షరం రాయడానికి వారం పట్టింది.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? చిన్నప్పుడు సుగుణ కూడా అరుగు మీద ఇటుక ముక్కతో గీతలు గీసింది. నాయనమ్మ ఆ ముక్క లాక్కుంది. “ఆడపిల్లవి, ఇల్లు శుభ్రం చేయాల్సిందానివి, నువ్వే పాడు చేస్తావా?” అంది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు సుగుణ చెయ్యి ముగ్గుపిండి తప్ప మరేదీ పట్టలేదు.

తను కూడా చిట్టికి అదే చేసింది కదా!

పిచ్చిగీతలు పిచ్చివి కావు

పిల్లలు ఏడాది, ఏడాదిన్నర వయసులో గీతలు గీయడం మొదలు పెడతారు. సుద్దముక్కను పిడికిలితో పట్టుకుంటారు. చెయ్యి మొత్తం ఊపి గీస్తారు. మూడేళ్ళు వచ్చేసరికి మనం గీసి చూపిస్తే సున్న చుడతారు. నాలుగేళ్ళకు మనిషి బొమ్మ వేస్తారు. తల, కళ్ళు, కాళ్ళు పెడతారు. ఒక బిడ్డ ముందు, ఒక బిడ్డ వెనక కావచ్చు. దానికి కంగారు పడకూడదు. కానీ బిడ్డ ఒక చేతిని అసలు వాడకపోయినా, వస్తువును కళ్ళతో వెతకలేకపోయినా ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

గీస్తే వేళ్ళకు బలం వస్తుంది. కన్ను, చెయ్యి కలిసి పని చేయడం నేర్చుకుంటాయి. రేపు పెన్సిలు పట్టడానికి, గుండీ పెట్టుకోవడానికి ఆ బలమే కావాలి. మాటలు కూడా వస్తాయి. ఎరుపు, పసుపు, తడి, పొడి, పైన, కింద. ఇవన్నీ రంగులతో ఆడుతూ నేర్చుకునే మాటలే.

అందుకే అంగన్‌వాడీల్లో బొమ్మలు, రంగులు, ఆటలు పెట్టారు. మన దేశంలో ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అందులో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు ఉంది. మూడేళ్ళ లోపు పిల్లలకు ఇల్లే మొదటి బడి.

పసుపు నీళ్ళ ఆదివారం

ఆదివారం కూలి పని లేదు. సుగుణ గిన్నెలో పసుపు కలిపింది. పాత కాగితం ఇచ్చింది. “గీయి చిట్టీ” అంది.

చిట్టి మొదట వేలు ముంచడానికి భయపడింది. సుగుణ తన వేలు ముంచి గీత గీసింది. చిట్టి కూడా గీసింది. కాసేపటికి రెండు చేతులూ ముంచింది. గిన్నె తల మీద కుమ్మరించుకుంది. చాప పసుపు. నేల పసుపు. కోడిపెట్ట ఆ పసుపులో నడిచి ఇల్లంతా తిరిగింది!

అత్త బయటి నుంచి వచ్చింది.

“ఏమే సుగుణా! వారం రోజుల పసుపు ఒక్క పూటకే అయిపోయిందా? ఇదంతా కడగడానికి నీళ్ళు ఎవరు మోస్తారే? బోరింగు ఇంటి ముందుందా?”

సుగుణ దగ్గర జవాబు లేదు. అత్త మాట కూడా నిజమే.

గౌనుకు సబ్బు పెట్టింది. పసుపు మరక ఎర్రగా అయింది. సుగుణ హడలిపోయింది. అత్త నవ్వింది.

“పసుపుకు సున్నం కలిపితే పారాణి ఎర్రబడదా? సబ్బు తగిలినా అంతే. బాగా జాడించి ఎండలో ఆరెయ్యి. వెలిసిపోతుంది.”

అలాగే చేసింది. రెండు మూడు ఎండలకు మరక చాలా వరకు వెలిసింది.

ఇల్లు పాడు కాకుండా ఎలా?

పొదుపు సంఘం సమావేశంలో సుగుణ ఈ మాట ఎత్తింది. ఆడవాళ్ళంతా నవ్వారు. కానీ అందరి ఇళ్ళలోనూ అదే గొడవ. అందరూ తలా ఒక ఉపాయం చెప్పారు. అవి ఇవి:

1. చోటు ఒక్కటే ఉండాలి. వాకిట్లో గానీ చెట్టు కింద గానీ గోనెసంచి పరవాలి. “సంచి మీదే గీయాలి” అని రోజూ చెప్పాలి. ఎరువుల సంచి, పురుగు మందు సంచి మాత్రం పరవకూడదు.

2. స్నానానికి ముందు ఆడించాలి. ఎలాగూ నీళ్ళు పోస్తాం. మళ్ళీ కడిగే పని ఉండదు. పాత గౌను వేయాలి.

3. ఒక పూట ఒక్క రంగు చాలు. నాలుగు చెంచాల రంగు చాలు. గిన్నె నిండా పోస్తే కుమ్మరిస్తారు.

4. చేతులు కడగడానికి ఒక చెంబు నీళ్ళు పక్కన పెట్టుకోవాలి. ఆ నీళ్ళు తరువాత చెట్టుకు పోయాలి.

5. పావుగంట చాలు. చిన్న పిల్లలు అంతకంటే ఎక్కువ సేపు ఒక్క పని మీద ఉండరు. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి.

6. తుడిచేటప్పుడు బిడ్డ చేతికి కూడా గుడ్డ ఇవ్వాలి. సరిగా తుడవలేకపోయినా సరే. మగపిల్లవాడైనా ఇవ్వాలి.

ఒకామె లేచి, “మాకు పావుగంట కూడా తీరదే?” అని అడిగింది.

“రోజూ అక్కర్లేదు. వారానికి ఒకసారి చాలు. మిగతా రోజుల్లో వంట చేసేటప్పుడు చేతికి సుద్దముక్క ఇవ్వు. పొయ్యికి దూరంగా కూర్చోబెట్టు. అది కూడా ఆటే” అంది ఇంకొకామె.

రంగులు కొనాలా?

కొనక్కర్లేదు. వంటలో పారేసేవి చాలు.

బీట్‌రూట్ తొక్కులు ఉడికిస్తే ఎరుపు. బచ్చలి పండ్లు నలిపితే ఊదా. శంఖు పూలు వేడి నీళ్ళలో వేస్తే నీలం. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మోదుగు పూలు నీళ్ళలో మరిగిస్తే నారింజ రంగు. ఎర్రమట్టి, బొగ్గు ఎప్పుడూ ఉంటాయి. ఉడికించిన నీళ్ళు బాగా చల్లారాకే బిడ్డకు ఇవ్వాలి. మిగిలిన రంగు మర్నాటికి దాచకూడదు.

బెండకాయ తొడిమ వైపు కోసి పారేస్తాం కదా! ఆ ముక్కను రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే పువ్వు పడుతుంది. తడి బంకమట్టి ముద్ద ఇస్తే పిల్లలు గంటైనా ఒత్తుతారు. మట్టి మురుగు లేని చోటు నుంచి తేవాలి. అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

మన ఏటికొప్పాక బొమ్మలకు కూడా ఆకులు, గింజలు, బెరడుల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి వేస్తారు. బొమ్మను పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. అందుకే అలాంటి రంగు మేలు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరుతో వేరే ఊరి వాళ్ళు అమ్ముకోకూడదు.

జాగ్రత్త!

తడి సున్నం పిల్లలకు అందకూడదు. కంట్లో పడితే కన్ను పోవచ్చు. పొరపాటున పడితే వెంటనే మంచి నీళ్ళతో పావుగంటకు పైగా కడుగుతూనే ఉండాలి. తరువాత ఆసుపత్రికి తీసుకుపోవాలి. కన్ను నలపకూడదు.

పాత సెల్లు పగలగొట్టి ఆ నల్లపొడి వాడకూడదు. అది విషం. తలుపులకు, ఇనప సామాన్లకు వేసే రంగులు ఇవ్వకూడదు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడును పాడు చేస్తుంది. పెచ్చులూడే పాత రంగు కూడా ప్రమాదమే.

ముగ్గు వేయించాలంటే బియ్యప్పిండి ఇవ్వాలి. రాతిముగ్గు దుమ్ము ముక్కులోకి పోతుంది. గింజలు, పూసలు, గుండీలు చిన్న పిల్లల గొంతులో అడ్డం పడతాయి. వాటిని అందనీయకూడదు.

మిరప కోత నుంచి వచ్చిన చేతులతో బిడ్డను తాకకూడదు. ముందు సబ్బుతో బాగా కడుక్కోవాలి.

చిట్టి గోడ

సుగుణ భర్త అంతా విన్నాడు. ఆదివారం బావి గట్టు దగ్గర నుంచి తట్టెడు ఎర్రమట్టి తెచ్చాడు. పెరటి గోడకు కింది భాగంలో, చిట్టి ఎత్తున, మట్టి మెత్తాడు. రెండు బిందెల నీళ్ళు తనే మోసుకొచ్చాడు.

“ఇది చిట్టి గోడ. ఎంతైనా గీసుకో. నిండిపోతే మళ్ళీ అలుకుతాను” అన్నాడు.

మట్టికి డబ్బు కాలేదు. అత్త కూడా ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత అత్తే ఒక సుద్దముక్క తెచ్చి చిట్టి చేతిలో పెట్టింది.

చిట్టి వెంటనే గీయలేదు. అమ్మ వైపు చూసింది. సుగుణ గోడ దగ్గర కూర్చుంది. తను ఒక గీత గీసింది. అప్పుడు చిట్టి ఒక చిన్న గీత గీసింది. మళ్ళీ అమ్మ ముఖం చూసింది. సుగుణ నవ్వింది. చిట్టి ఇంకో గీత గీసింది. ఆ పూట గోడ సగం నిండింది.

ముందు గోడ మీద కూడా అప్పుడప్పుడు గీత పడుతూనే ఉంది. చిన్న పిల్లలు ఒక్కసారి చెబితే నేర్చుకోరు. సుగుణకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ కొట్టదు. “నీ గోడ ఏది చిట్టీ?” అని అడుగుతుంది. చిట్టి పెరట్లోకి పరుగెత్తుతుంది. ముందు గోడను పొడి గుడ్డతో తుడిస్తే బొగ్గు చాలా వరకు పోతుంది. ముందే తడి గుడ్డ పెడితే మరక ఇంకా పాకుతుంది. అది కూడా సుగుణ నేర్చుకుంది.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. చిట్టికి మూడున్నర ఏళ్ళు. చిట్టి తన గోడ మీద ఒక సున్న చుట్టింది. లోపల రెండు చుక్కలు పెట్టింది. కింద రెండు గీతలు గీసింది.

“ఎవరది?” అని అడిగింది సుగుణ.

“అమ్మ” అంది చిట్టి.

సుగుణ సుద్దముక్క తీసుకుంది. బొమ్మ కింద ‘అమ్మ’ అని రాసింది. ఈసారి ఆమె చెయ్యి వణకలేదు.

మాట్లాడుకుందాం

1. చిట్టి చేతులు ఎందుకు దాచుకుంది?

2. అత్త కోపంలో నిజం ఉందా? ఏమిటి?

3. చిన్నప్పుడు మీ చేతిలోంచి ఎవరైనా ఏదైనా లాక్కున్నారా? అప్పుడు మీకు ఏమనిపించింది?

4. ఇంట్లో పిల్లలు చేసిన పాడును ఎవరు శుభ్రం చేస్తున్నారు? అందరూ పంచుకోవాలంటే ఏం చేయాలి?

రాయండి

మీ వంటింట్లో పారేసే వాటిలో రంగు వచ్చేవి మూడు రాయండి. మీ బిడ్డ పేరు రాయండి. ఆ పేరు పక్కన బిడ్డ చేత ఒక గీత గీయించండి.