సమాచార భద్రత: వాన్నాక్రై ఉదంతం

2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే హానికర ప్రోగ్రాము అనేక దేశాల కంప్యూటర్లపై విరుచుకుపడింది. ఫైళ్ళను రహస్య సంకేతాలుగా మార్చివేసి, వాటిని విడిపించుటకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించుమన్నది. బ్రిటన్‌లో శస్త్రచికిత్సలు వాయిదాపడ్డాయి. కొందరు రోగులను వేరే ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దీని వాతబడ్డాయి.

విచారింపదగిన విషయమొకటున్నది. విండోస్‌లోని ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చిలోనే విడుదల చేసింది. చాలామంది దానిని అమర్చుకొనలేదు. ఇది కేవలం నిర్లక్ష్యమని నిందించుట న్యాయం కాదు. రేయింబవళ్ళు పనిచేసే ఆసుపత్రిలో యంత్రాన్ని ఆపుట అంత సులభమా?

చివరకు ఆ ప్రోగ్రాములో దాగిన వెబ్ చిరునామానొకదానిని ఒక బ్రిటిష్ యువ పరిశోధకుడు కనుగొని, సుమారు 11 డాలర్లతో నమోదు చేయించగానే వ్యాప్తి మందగించింది. అప్పటికే బిగుసుకొన్న ఫైళ్ళు మాత్రం తెరుచుకొనలేదు.