ఆయిల్ ఇంజన్‌లో డీజిల్‌కి తలుపు తీసేది ఎవరు? ఫ్యూయల్ పంపు, నాజిల్ మీద రైతు పాఠం

ప్రకృతి వ్యవసాయం పేజీలో డీజిల్ ఇంజన్ గురించి ఎందుకని కొందరు అడుగుతారు. మందులు, ఎరువులు మానేశాం కానీ కరెంటు లేని చోట నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజన్ ఇంకా మానలేదు కదండీ. చాఫ్ కట్టర్‌కీ, పవర్ వీడర్‌కీ చాలామంది డీజిల్ ఇంజనే వాడుతున్నారు. వేరుశనగ ఊడలు దిగే సమయంలో నాలుగు రోజులు ఇంజన్ మొరాయిస్తే, ఎంత జీవామృతం పోసినా ఆ దిగుబడి తిరిగి రాదు. అప్పుడు షాపుకి తీసుకెళ్తే "పంపూ, నాజిలూ రెండూ మార్చాలి" అంటారు. నిజంగా రెండూ మార్చాలా, ఒకటి చాలా, లేక ఫిల్టర్ కడిగితే సరిపోతుందా అన్నది మనకి తెలియాలి. ఈ పాఠం అందుకోసమే. చదివాక పైన ఉన్న వీడియో చూస్తే భాగాలు సులువుగా గుర్తుపడతారు.

ముందు లెక్క చూద్దాం

మన దగ్గర ఎక్కువగా ఉండేది 5 హెచ్‌పీ, సింగిల్ సిలిండర్, నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి డీజిల్ పడాలి. అంటే నిమిషానికి 750 సార్లు, గంటకి 45,000 సార్లు.

ఫుల్ లోడ్ మీద గంటకి సుమారు 1.1 లీటర్ తాగుతుందనుకుందాం. దాన్ని 45,000తో భాగిస్తే ఒక్కసారికి పడేది 0.024 మిల్లీలీటర్. మందు సీసా డ్రాపర్‌తో వేసే చుక్కలో సగం! ఆ అర చుక్క కూడా ఒక్కచోట పడకూడదు, పొగమంచులా విడిపోవాలి. దానికి దొరికే టైమ్ ఎంత? 1500 చుట్ల మీద ఇంజన్ సెకనుకి 9,000 డిగ్రీలు తిరుగుతుంది. ఇంజెక్షన్ 20 డిగ్రీల పాటు సాగితే అది సెకనులో 450వ వంతు.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని 16, 17 రెట్లు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి ఎప్పుడు పడాలి, ఎంత పడాలి, ఎలా పడాలి అనే మూడూ సరిగా ఉండాలి. మన ఇంజన్‌లో ఈ మూడింటినీ కంప్యూటర్ లేకుండా, ఇనుప ముక్కలే చూసుకుంటాయి.

మొదట్లో తలుపు తీసింది క్యామ్

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ని 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో పరీక్షించి చూపించాడు. ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారింది. ఆ రోజులకి అది చాలా పెద్ద సంగతి. అందులో ఇంధనాన్ని బాగా నొక్కిపెట్టిన గాలితో లోపలికి ఊదేవారు. సిలిండర్ పైన సూది లాంటి వాల్వ్ ఉండేది, దాన్ని క్యామ్, లివర్ కలిసి ఎత్తేవి. పని బాగానే జరిగేది కానీ, ఆ గాలి కోసం ఇంజన్‌కి పెద్ద కంప్రెసర్ తగిలించాలి. బరువు, ఖర్చు, మరమ్మతు అన్నీ ఎక్కువే.

తర్వాత గాలి లేకుండా నేరుగా నూనెనే నొక్కి పంపే పద్ధతి వచ్చింది. బ్రిటన్‌లో విక్కర్స్ కంపెనీకి చెందిన జేమ్స్ మెక్‌కెక్నీ 1910లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో అట్లాస్ ఇంపీరియల్ ఇంజన్లు కూడా ఈ దారిలోనే నడిచాయి, చేపల పడవల్లో బాగా వాడారు. ఒక పైపులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది. క్యామ్, పుష్ రాడ్, రాకర్ కలిసి సరైన క్షణంలో సూదిని ఎత్తుతాయి. మన ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు తెరుచుకున్నట్టే ఇంధనం వాల్వ్ కూడా తెరుచుకుంటుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. పైపులో ప్రెషర్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి సూది కొంచెం సరిగ్గా కూర్చోకపోయినా డీజిల్ సిలిండర్‌లోకి కారుతూనే ఉంటుంది. గేట్ వాల్వ్ అరిగితే డ్రిప్ లైన్‌లో నీళ్లు కారుతూ ఉండటం మనం చూస్తాం కదా, అలాగన్నమాట.

1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో క్యామ్ వాల్వ్‌ని ఎత్తదు, పంపుని నొక్కుతుంది. ఆ ప్రెషర్ వచ్చి వాల్వ్‌ని తనే తెరుస్తుంది. మన పొలాల్లో ఉన్న ఆయిల్ ఇంజన్లన్నీ దాదాపు ఈ దారివే.

పంపు లోపల ఏం జరుగుతుంది

ఇంజన్ క్యామ్ షాఫ్ట్ మీద డీజిల్ కోసం విడిగా ఒక క్యామ్ ఉంటుంది. అది ట్యాపెట్‌ని, ట్యాపెట్ ప్లంజర్‌ని పైకి నెడుతుంది. ప్లంజర్, దాని బ్యారెల్ కలిపి షాపులో "ఎలిమెంట్" అంటారు. రెండింటి మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లే. తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, పోల్చి చూసుకోండి. జతగా అరగదీసి తయారు చేస్తారు కాబట్టి ఒక పంపు ప్లంజర్ ఇంకో పంపు బ్యారెల్‌లో వేయకూడదు.

క్యామ్ ఎత్తు మారదు కాబట్టి ప్లంజర్ ప్రతిసారీ ఒకే ఎత్తు లేస్తుంది. మరి డీజిల్ ఎక్కువ తక్కువలు ఎలా అవుతాయి? ప్లంజర్ మీద ఏటవాలుగా ఒక గాడి చెక్కి ఉంటుంది. ప్లంజర్ లేచి బ్యారెల్ రంధ్రాన్ని మూసినప్పుడు ప్రెషర్ మొదలవుతుంది. ఏటవాలు గాడి అంచు ఆ రంధ్రం దగ్గరికి రాగానే డీజిల్ వెనక్కి పారిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది. రాక్ అనే పళ్ల కడ్డీ ప్లంజర్‌ని కొంచెం తిప్పితే గాడి ముందుగానో ఆలస్యంగానో రంధ్రాన్ని కలుస్తుంది. ఇంజెక్షన్ మొదలయ్యే క్షణం అదే ఉంటుంది, ముగిసే క్షణం మారుతుంది. ఎంత పడాలన్నది అక్కడే తేలుతుంది.

ఆ రాక్‌ని జరిపేది గవర్నర్. తిరిగే బరువులు వేగం పెరిగితే బయటికి విచ్చుకుంటాయి, రాక్‌ని తక్కువ వైపు లాగుతాయి. పంపు మీద లోడ్ పడి వేగం తగ్గితే స్ప్రింగ్ రాక్‌ని ఎక్కువ వైపు నెడుతుంది.

పంపు పైన డెలివరీ వాల్వ్ ఉంటుంది. బావిలో ఫుట్ వాల్వ్ లాంటిదే, డీజిల్ వెనక్కి రానివ్వదు. ఇంకో పని కూడా చేస్తుంది. మూసుకునేటప్పుడు పైపులోని ప్రెషర్‌ని కొంచెం వెనక్కి గుంజుతుంది, అందువల్ల నాజిల్ ఠక్కున మూసుకుంటుంది. ఇది అరిగితే నాజిల్ కొత్తదైనా చివర చుక్క కారుతుంది.

నాజిల్ సూది

నాజిల్‌లో సూదిని ఒక గట్టి స్ప్రింగ్ కిందికి నొక్కి ఉంచుతుంది. డీజిల్ ప్రెషర్ సూది భుజం మీద పడి, స్ప్రింగ్ బలాన్ని మించగానే సూది లేస్తుంది. చాలా 5 హెచ్‌పీ ఇంజన్లలో ఇది 200 బార్ దగ్గర ఉంటుంది. మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి. సూది లేచాక దాని కొన మీద కూడా ప్రెషర్ పడుతుంది, అందుకే లేవడానికి కావాల్సినంత ప్రెషర్ నిలబడటానికి అక్కర్లేదు. సూది పక్కనుంచి కొంచెం డీజిల్ పైకి వచ్చి రిటర్న్ పైపులో పోతుంది, సూదికి అదే నూనె. ఆ పైపు ఊడిపోయి బావి గట్టు మీద కారుతుంటే వెంటనే బిగించండి. వానపాముల కోసం ఇంత కష్టపడి, అదే మట్టిలో డీజిల్ పోయకూడదు కదండీ.

తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి

• ఇంజన్ అసలు స్టార్ట్ కాకపోతే ముందు ఎయిర్ చూడండి. గాలి నొక్కుకుపోతుంది, ప్రెషర్ 200కి చేరదు. ఫిల్టర్ స్క్రూ, తర్వాత పంపు స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా వదలండి. తర్వాత నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్ వదులు చేసి, డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పండి. డీజిల్ రాగానే బిగించి మళ్లీ తిప్పితే నాజిల్ కిర్రుమనాలి.

• చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోతే ఎలిమెంట్ మీద అనుమానం పెట్టుకోండి. వేడికి డీజిల్ పల్చబడి, అరిగిన సందులోంచి జారిపోతుంది.

• నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ క్లీనర్, లోడ్ చూడండి. అవి బాగుంటే నాజిల్ టెస్ట్ చేయించండి.

• తెల్ల పొగ, బలం లేకపోవడం: టైమింగ్ ఆలస్యం, కంప్రెషన్ తక్కువ, లేదా డీజిల్‌లో నీళ్లు.

• గట్టిగా కొట్టుకునే శబ్దం: టైమింగ్ ముందుకి జరిగి ఉండొచ్చు.

• నీలి పొగ: ఇంజన్ ఆయిల్ కాలుతోంది. రింగులు చూడాలి, దీనికి నాజిల్ మార్చి డబ్బు పోగొట్టుకోకండి.

టైమింగ్‌కి పంపు కింద షిమ్‌లు ఉంటాయి. షిమ్ కలిపితే పంపు క్యామ్‌కి దూరమై ఇంజెక్షన్ ఆలస్యం అవుతుంది, తీస్తే ముందుకి వస్తుంది. పంపు విప్పినప్పుడు ఎన్ని షిమ్‌లు ఉన్నాయో లెక్కపెట్టి, అన్నీ తిరిగి వేయించండి.

షాపులో నాజిల్ టెస్టర్ దగ్గర నిలబడి మూడు విషయాలు అడగండి. ఎంత ప్రెషర్‌కి తెరుచుకుంది? అంతకంటే 20 బార్ తక్కువలో 10 సెకన్లు ఆపితే చుక్క పడిందా? పొగమంచులా వచ్చిందా, సన్నని ధారలా వచ్చిందా? మూడూ బాగుంటే నాజిల్ బాగున్నట్టే. అప్పుడు పంపు వైపు చూడాలి. రెండూ ఒకేసారి మార్చనక్కర్లేదు.

ప్రాణం మీదికి తెచ్చే రెండు విషయాలు

ఒకటి, నాజిల్ పని చేస్తుందో లేదో చూడటానికి వేలు అడ్డం పెట్టకండి. 200 బార్‌తో వచ్చే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువ ఉండొచ్చు. లోపల కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఉంది. అలా జరిగితే పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి "ప్రెషర్‌తో డీజిల్ ఎక్కింది" అని చెప్పండి.

రెండు, సీజన్ మొత్తం వాడకుండా ఉంచిన ఇంజన్‌లో డీజిల్ జిగురు కట్టి రాక్ ఇరుక్కుపోవచ్చు. ఎక్కువ వైపు ఇరుక్కుంటే గవర్నర్ ఏమీ చేయలేదు, వేగం అదుపు తప్పుతుంది. స్టార్ట్ చేసే ముందు రాక్ రెండు వైపులా చేత్తో ఫ్రీగా జరుగుతుందో చూడండి. అదుపు తప్పి స్టాప్ లివర్ పని చేయకపోతే, ఫ్లైవీల్‌కి పక్కన నిలబడకుండా, గాలి పీల్చే మూతికి చెక్క పలక అడ్డం పెట్టండి. చెయ్యి, గుడ్డ వద్దు.

కానుగ నూనె పోయొచ్చా?

నేను గానుగ నూనె అమ్ముతాను కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. 1900 ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపారని డీజిల్ స్వయంగా చెప్పాడు. కాబట్టి నడుస్తుంది, అబద్ధం కాదు. ఎంతకాలం నడుస్తుందన్నది వేరే ప్రశ్న.

40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం మన దేశ ప్రమాణం ప్రకారం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్. ముడి వేరుశనగ, కానుగ నూనెలు సుమారు 40. దాదాపు పది రెట్లు. అంత చిక్కటి నూనె పొగమంచులా విడిపోదు, పెద్ద చుక్కలుగా పడుతుంది. పూర్తిగా కాలక నాజిల్ రంధ్రాల దగ్గర బొగ్గు కడుతుంది, సూది ఇరుక్కుంటుంది, మిగిలింది రింగులు దాటి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని చిక్కబరుస్తుంది. లీటరుకి మిగిలిన డబ్బు నాజిల్, రింగుల ఖర్చులో పోతుంది. బయోడీజిల్‌గా మారిస్తే చిక్కదనం డీజిల్ దగ్గరికి వస్తుంది. కానీ దానికి మిథనాల్, కాస్టిక్ కావాలి. ఒకటి విషం, అగ్గి అంటుకునేది, ఇంకోటి చర్మం కాల్చేది. ఇంట్లో చేసే పని కాదు. నా సలహా ఒక్కటే: కానుగ పిండి పొలానికి వాడండి, ముడి నూనె ఇంజన్‌లో పోయకండి.

రోజూ చేసే పని

డ్రిప్‌లోకి వదిలే ముందు జీవామృతాన్ని ఎంత శ్రద్ధగా వడకడతామో డీజిల్‌నీ అలాగే వడకట్టండి. డ్రమ్ములో ఒక రోజు తేరనిచ్చి, అడుగుది వదిలేసి పైది పోయండి. ట్యాంక్ మూత దుమ్ములో తెరవద్దు. ఫిల్టర్ కింద చేరిన నీళ్లు అప్పుడప్పుడు వదలండి. ట్యాంక్ ఖాళీ అయ్యేదాకా నడపకండి, ఎయిర్ పడుతుంది. 2 మైక్రాన్ల సందులోకి ఒక్క ఇసుక రేణువు పోతే ఎలిమెంట్‌కి గీత పడినట్టే.

ఇప్పుడు కొత్తగా వచ్చే వాహనాల్లో మళ్లీ పైపులో ఎప్పుడూ ప్రెషర్ ఉంచే పద్ధతే వచ్చింది, కామన్ రైల్ అంటారు. అందులో క్యామ్ బదులు కరెంటు తలుపు తీస్తుంది. అది మన చేతిలో రిపేర్ అయ్యేది కాదు. పొలంలో ఉన్న ఈ పాత ఇంజన్ మాత్రం ఒక స్పానర్, ఒక శుభ్రమైన గుడ్డ, కొంచెం అవగాహన ఉంటే మన మాట వింటుంది.

మీ ఇంజన్ పొగ ఏ రంగులో ఉంది, వేడి మీద స్టార్ట్ అవుతుందా లేదా అన్నది రాసి అడగండి, నాకు తెలిసినంత చెప్తాను. ఉంటానండి.